కర్నూలు, కడప జిల్లాల్లో గ్రాఫిక్ డిజైన్: అక్షరం, రంగు, పర్యావరణం

గ్రాఫిక్ డిజైన్ అంటే అక్షరాన్ని, బొమ్మను, రంగును, ఖాళీ జాగాను పొందిగ్గా అమర్చి ఒక మాటను చూపరికి చేరవేసే విద్య. అంగడి బోర్డు, గోడరాత, శుభలేఖ, కరపత్రం, పుస్తకం అట్ట, ఫ్లెక్సీ, ఫోను తెర మీది ప్రకటన అన్నీ దీని కిందికే వస్తాయి. మాటను మోసే వస్తువు ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్నాళ్ళు నిలుస్తుంది, పని తీరాక ఎక్కడికి పోతుంది అన్న మూడు ప్రశ్నలూ ముందే వేసుకుని చేసే పనిని పర్యావరణ బాధ్యత గల డిజైన్ అంటున్నారు. రాయలసీమలోని కర్నూలు, కడప జిల్లాల్లో ఈ ప్రశ్నలకు చాలాకాలం నేలే జవాబు చెప్పింది. రాయి, సున్నం, ఎర్రమన్ను, నీలిమందు, పత్తి ఇక్కడే దొరికేవి. కలకాలం ఉండాల్సిన మాట రాతి మీదికి, నాలుగు రోజుల మాట బట్ట మీదికి, గోడ మీదికి వెళ్ళేది. ఫ్లెక్సీ వచ్చాక ఈ లెక్క తప్పింది. దాన్ని మళ్ళీ సరిచేసుకోవడమే నేడు ఈ ప్రాంతపు డిజైనర్ల ముందున్న పని.

ప్రాంతం

ఈ వ్యాసంలో కర్నూలు, కడప అన్న మాటలను 2022 ఏప్రిల్ నాటి జిల్లాల పునర్విభజనకు ముందున్న ఉమ్మడి జిల్లాల అర్థంలో వాడుతున్నాం. రెండు చోట్లా ఏడాది సగటు వాన సుమారు 700 మిల్లీమీటర్ల లోపే. ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలే. ఈ వాతావరణం డిజైన్ మీద నేరుగా పనిచేస్తుంది. ఎండకు రంగు వెలుస్తుంది, ఈదురుగాలికి గుడ్డయినా ప్లాస్టిక్ అయినా చిరుగుతుంది, దుమ్ముకు సన్నని అక్షరం కనపడకుండా పోతుంది. అందుకే సీమ బోర్డుల్లో ముదురు రంగులు, లావు అక్షరాలు స్థిరపడ్డాయి.

ఈ పట్టణాలకు మరో ప్రత్యేకత కూడా ఉంది. నవాబుల ఏలుబడి చూసిన కర్నూలు, కడపల్లో, ఆదోనిలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఒకే పలక మీద కనిపిస్తాయి. తెలుగు అక్షరం గుండ్రంగా ఉండి కింద ఒత్తు, పైన గుడి కోరుతుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు వాలుగా జారుతుంది. ఇంగ్లీషు అక్షరాలు గీత మీద నిటారుగా నిలబడతాయి. మూడింటికీ సమానమైన గౌరవం, సమానమైన చదువుబాటు దక్కేలా అమర్చడం చిన్న పనితనం కాదు. కర్నూలులో 2016లో ఏర్పడిన డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా ఈ భాషా వారసత్వానికి గుర్తే.

రాతి నుంచి కాగితం దాకా

బొమ్మతో మాట చెప్పడం ఇక్కడ చరిత్ర పూర్వ యుగాల నుంచి ఉంది. కర్నూలు జిల్లా కేతవరంలో, కడప జిల్లా ముద్దనూరు ప్రాంతంలోని చింతకుంటలో రాతి చరియల కింద ఆదిమానవులు గీసిన బొమ్మలు మిగిలాయి. చింతకుంట చిత్రాల్లో ఎరుపు, తెలుపు రంగులు కనిపిస్తాయి. ఎరుపు ఇనుప ధాతువున్న మన్ను నుంచి వచ్చేది. వాన తడి, ఎండ తగలని జాగా చూసుకుని గీశారు కాబట్టే అవి ఇంతకాలం నిలిచాయి. ఎక్కడ గీస్తే నిలుస్తుందో తెలియడం కూడా డిజైన్‌లో భాగమేనని ఆ చరియలు చెబుతాయి.

తెలుగు అక్షరానికి సంబంధించిన తొలి సాక్ష్యం కూడా ఈ నేలదే. కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళలో రేనాటి చోళుల కాలపు శాసనాన్ని చరిత్రకారులు క్రీ.శ. 575 నాటిదిగా గుర్తించారు. తెలుగులో రాసిన తొలి శాసనంగా దానికి పేరు. వాడినది రాయి, ఉలి మాత్రమే. ఆ అక్షరాలు నేటికి దాదాపు పద్నాలుగున్నర శతాబ్దాలు చూశాయి. అదే జిల్లాలోని తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించారు. తిరుమలలో భద్రపరచిన ఆ రేకులు సుమారు నాలుగు శతాబ్దాలు మరుగున ఉండి, 20వ శతాబ్దంలో మళ్ళీ వెలుగు చూశాయి. కాగితమో తాటాకో అయితే చెదలు తినేసి ఉండేవి. కలకాలం ఉండాలనుకున్న మాటకు ఖరీదైన లోహాన్ని కేటాయించడం అక్కడ దుబారా కాలేదు.

తాటాకు నుంచి కాగితానికి సాగిన మార్పులో కడప ముఖ్యమైన మజిలీ. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇక్కడ ఒక బంగళా కొని, పండితులను నియమించి, సొంత ఖర్చుతో తాళపత్ర గ్రంథాలను సేకరింపజేసి, పాఠాలు సరిచూయించి, శుద్ధప్రతులు రాయించాడు. ఆయన బంగళా ఉన్న చోటనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో, బ్రౌన్ పేరిట గ్రంథాలయం వెలసింది. అది నేడు భాషా పరిశోధన కేంద్రంగా నడుస్తోంది. పుటను ఎలా పొందించాలో నేర్చుకోదలచిన డిజైన్ విద్యార్థికి పాత రాతప్రతులు, తొలి అచ్చు పుస్తకాలు మంచి పాఠాలు.

నేల ఇచ్చిన రంగులు

డిజైనర్ చేతిలోని రంగు ఎక్కడో భూమి నుంచి రావాల్సిందే. కర్నూలు, కడప జిల్లాలకు ఈ విషయంలో లోటు లేదు. బేతంచెర్ల, డోన్ ప్రాంతాల్లో పసుపు, ఎరుపు కావి మన్నులు దొరుకుతాయి. పల్లెల్లో మట్టిగోడకు, అరుగుకు పూసే ఎర్రమన్ను, దాని మీద సున్నంతో వేసే తెల్లని పట్టెలు, చుక్కలు ఈ వనరుల నుంచి పుట్టిన అలంకరణే. గుడి ప్రహరీల మీద తెలుపు, ఎరుపు పట్టెలు ఏ శిక్షణా లేనివాడికి కూడా అది గుడి అని దూరం నుంచే చెబుతాయి. గుర్తింపు చిహ్నానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ అరుదు.

సున్నపురాయి రెండు జిల్లాల్లోనూ పుష్కలం. కడప నాపరాయి, బేతంచెర్ల బండ పేర్లు దక్షిణాదిలో ఇల్లు కట్టిన ప్రతివారికీ తెలుసు. ఇంటి ముందు పేరుపలకలకు, శంకుస్థాపన ఫలకాలకు ఇప్పటికీ రాయే ఆధారం. అయితే గనుల దగ్గర గుట్టలుగా పడివున్న రాతి ముక్కలను చూస్తే ఈ వనరుకు కూడా ఒక మూల్యం ఉందని అర్థమవుతుంది. పగిలిన చిన్న ముక్కలను పేరుపలకలకు, దారి సూచికలకు వాడటం ఆ మూల్యాన్ని కొంత తగ్గించే మార్గం.

కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి నిక్షేపం ప్రపంచంలోనే అతి పెద్దవాటిలో ఒకటి. బేరియం సల్ఫేటు అయిన ఈ ఖనిజం ఎక్కువగా చమురు బావుల తవ్వకానికి పోతుంది. రంగుల తయారీలో కూడా దాన్ని నింపుడు పదార్థంగా వాడతారు.

నీలి కథ వీటన్నిటికంటే పెద్దది. 19వ శతాబ్దంలో మద్రాసు రాజధానిలో నీలిమందు పండిన ముఖ్య జిల్లాల్లో కడప, కర్నూలు ఉన్నాయి. మొక్కను కోసి తొట్లలో నానబెట్టి, పులిసిన నీటిని బాగా చిలికి, అడుగున పేరుకున్న మడ్డిని వడగట్టి, బిళ్ళలుగా కోసి ఆరబెట్టేవారు. జర్మనీ సంస్థ బీఏఎస్ఎఫ్ 1897లో కృత్రిమ నీలిని బజారుకు తెచ్చాక ఈ సాగు కుదేలైంది. నీలి మొక్క పప్పుధాన్యాల కుటుంబానికి చెందినది కాబట్టి నేలలో నత్రజనిని నిలుపుతుంది, తక్కువ నీటితో పెరుగుతుంది. సహజ రంగుల మీద ఆసక్తి మళ్ళీ పెరుగుతున్న ఈ రోజుల్లో మెట్టసీమకు దాని విలువను గుర్తుచేసుకోవలసి ఉంది.

బోర్డు రాసేవాళ్ళు

ఫ్లెక్సీకి ముందు పట్టణాల ముఖచిత్రాన్ని గీసినవాళ్ళు బోర్డు ఆర్టిస్టులు. సినిమా వాల్‌పోస్టరు మీది అక్షరాల పోకడ, గురువు చేతివాటం, ఊరి అభిరుచి కలిసి ఒక్కొక్కరికి ఒక్కో రాత ఏర్పడేది. బోర్డు కింది మూల చిన్న అక్షరాల్లో ఆర్టిస్టు పేరు ఉండేది. ఫలానా వీధిలో బోర్డులన్నీ ఎవరి రాతో ఊళ్ళో వాళ్ళు ఇట్టే చెప్పేవారు.

గోడరాత పనిని దగ్గరగా చూస్తే దాని క్రమశిక్షణ తెలుస్తుంది. ముందు గోడను గీకి సున్నం కొడతారు. అది ఆరాక ఇద్దరు చెరో కొసా పట్టుకుని రంగుపొడి రాసిన దారాన్ని బిగించి, మధ్యలో లాగి వదులుతారు. గోడ మీద తిన్నని గీత పడుతుంది. పై గీత, కింది గీత పడ్డాక బొగ్గుతోనో సుద్దతోనో అక్షరాల కొలత వేసుకుంటారు. తెలుగులో ఒత్తులకు కింద, గుడులకు పైన జాగా వదలకపోతే చివరి మాట ఇరుకున పడుతుంది. అందుకే అనుభవజ్ఞుడు పేరంతా మనసులో లెక్కగట్టుకున్నాకే కుంచె ఎత్తుతాడు. చేయి వణకకుండా మణికట్టు కింద ఒక కర్ర ఆనించుకుంటాడు. అంచు గీసి, తర్వాత లోపల నింపి, చివరన నీడ వేస్తాడు. ఏడాదికో రెండేళ్ళకో ఆ గోడకే మళ్ళీ సున్నం కొట్టి కొత్త మాట రాస్తారు. చెత్త దాదాపు ఏమీ మిగలదు.

ఈ పనిలోనూ లోపాలు లేకపోలేదు. పాత ఎనామిల్ రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపుల్లో సీసం ఉండేది. కుంచెలు కడిగే టర్పెంటైన్ ఆవిరి ఆరోగ్యానికి మంచిది కాదు. గృహ, అలంకరణ రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని కేంద్రం 2016లో నియమాలు చేసింది. అవి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. చేతిరాతను ఆదరించేవారు సీసం లేని రంగునే కొనాలి, దాన్ని రాసే మనిషి ఊపిరి గురించి కూడా ఆలోచించాలి.

ఫ్లెక్సీ రాక

2000 తర్వాతి దశాబ్దంలో పెద్ద ఇంక్‌జెట్ యంత్రాలు జిల్లా కేంద్రాలకు, ఆ వెంటనే చిన్న పట్టణాలకు చేరాయి. రెండు పీవీసీ పొరల మధ్య పాలిస్టర్ దారాల వల పెట్టి అతికించిన షీటే ఫ్లెక్సీ. రోజులు పట్టే పని గంటలో అయిపోయింది. ముఖచిత్రాలు ఫోటోలో ఉన్నట్టే వచ్చాయి. చదరపు అడుగుకు ఇంత అని లెక్క తేలింది. పుట్టినరోజు, పెళ్ళి, ఉరుసు, బ్రహ్మోత్సవం, సినిమా విడుదల, నాయకుడి రాక, చివరికి కర్మకాండ కూడా ఫ్లెక్సీ మీదికి ఎక్కాయి. డీటీపీ నేర్చుకున్న యువకులకు కోరెల్‌డ్రా, ఫోటోషాప్, 'అను' తెలుగు ఖతులతో (ఫాంట్లతో) బతుకుతెరువు దొరికింది. ఎంతోమంది బోర్డు ఆర్టిస్టులు మాత్రం కుంచె దించేశారు.

బరువు లెక్క చూస్తే సమస్య తెలుస్తుంది. చదరపు మీటరుకు 280 గ్రాములుండే షీటుతో పదడుగుల ఎత్తు, ఇరవై అడుగుల వెడల్పు బ్యానరు చేస్తే అయిదు కిలోల పైచిలుకు ప్లాస్టిక్ అవుతుంది. దాని పని రెండు రోజులు. పీవీసీ, పాలిస్టర్ రెండూ విడదీయలేనట్టు కలిసిపోయి ఉండటంతో దాన్ని కరిగించి తిరిగి వాడటం కష్టం. కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు, డయాక్సిన్ల వంటి విషాలు వెలువడతాయి. మట్టిలో కలవదు, మురుగుకాలువలో పడితే నీటికి అడ్డం.

ఊరి మనిషి దాన్ని అంత తేలిగ్గా పారేయడు కూడా. పాత ఫ్లెక్సీలు వేరుశనగ కుప్పల మీద, ఉల్లిగడ్డల రాశుల మీద, మేకల కొట్టాల కప్పు మీద కనిపిస్తాయి. ఆ పొదుపు మెచ్చుకోదగ్గది. అయితే ఎండకు పెళుసెక్కిన షీటు కొన్నాళ్ళకు పొరలు పొరలుగా ఊడి చేలో కలుస్తుంది. తిరిగి వాడినందువల్ల సమస్య వాయిదా పడుతుంది, తీరిపోదు.

చట్టాలు, ప్రభుత్వ నిర్ణయాలు

కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నియమాల ప్రకారం 100 మైక్రాన్ల లోపు మందం గల ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లను 2022 జూలై 1 నుంచి నిషేధించింది. మామూలు ఫ్లెక్సీ అంతకంటే మందంగానే ఉంటుంది కనుక ఈ నియమం దాన్ని పెద్దగా తాకలేదు. కేరళ 2019లోనే పీవీసీ ఫ్లెక్సీలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు 26న విశాఖపట్నంలో జరిగిన కార్యక్రమంలో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించి, బట్ట బ్యానర్లు వాడాలని పిలుపునిచ్చారు. 2022 నవంబరు 1 నుంచి అమలన్నారు. అప్పు చేసి యంత్రాలు కొన్న ముద్రణదారులు గోడు వెళ్ళబోసుకోవడంతో గడువును 2023 జనవరి 26 దాకా పెంచారు.

ఆ ముద్రణదారుల ఆందోళన న్యాయమైనదే. వస్తువును ఆపేస్తే సరిపోదు, దాని మీద బతికే మనిషికి దారి చూపాలి. బట్ట మీద అచ్చువేసేందుకు యంత్రాన్ని మార్చుకోవడానికి రుణసాయం, బోర్డు ఆర్టిస్టులకు ప్రభుత్వ గోడల పని, బడి గోడల మీద పాఠాల బొమ్మలు వంటివి ఒకేసారి సాగితేనే మార్పు నిలుస్తుంది.

బట్ట బ్యానరు

పాతకాలపు ప్రత్యామ్నాయం బట్టే. ఈ జిల్లాలకు బట్ట కొత్త కాదు. ఆదోని పెద్ద పత్తి మార్కెట్టు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చొరవతో 1938లో ఏర్పడిన చేనేత సహకార సంఘం దేశానికే ఆదర్శంగా నిలిచింది. ఆయనకు 1954లో పద్మశ్రీ దక్కింది. కడప జిల్లాలో మాధవరం, పుల్లంపేట చీరలకు పేరుంది. పత్తి పండే చోట, మగ్గం ఉన్న చోట ఊరేగింపు బ్యానరుకు ప్లాస్టిక్ వెతుక్కోవలసిన పని లేదు.

ఒక జాగ్రత్త అవసరం. బజారులో బట్ట పేరుతో అమ్మే బ్యానరు గుడ్డలో చాలా భాగం పాలిస్టరే. తేడా తెలుసుకోవడం తేలిక. అంచు నుంచి ఒక్క పోగు లాగి అగ్గిపుల్ల చూపితే నూలు కాగితంలా కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి, ముడుచుకుని, చల్లారాక గట్టి నల్లపూసలా మిగులుతుంది. నూలు అయినా పత్తి సాగుకు నీరు, మందులు ఖర్చయ్యాయన్నది మరవకూడదు. అందుకే బ్యానరు మీద తేదీ, ఏడాది లేకుండా రాయించడం మేలు. అప్పుడు ఏటా జరిగే జాతరకు అదే గుడ్డ పదేళ్ళు పనికొస్తుంది. పనికిరాని నాడు సంచిగా కుట్టుకోవచ్చు.

తెలుగు ఖతులు

డిజైన్‌లో పొదుపు అక్షరంతోనే మొదలవుతుంది. ఒత్తులు, గుడుల వల్ల తెలుగు పంక్తికి ఇంగ్లీషు కంటే ఎక్కువ ఎత్తు కావాలి. ఖతి సరిగా లేకపోతే పంక్తులు ఒకదాన్నొకటి తాకుతాయి, ఎడం పెంచితే పుటలు పెరుగుతాయి. కాబట్టి ఒత్తులను పొందిగ్గా కూర్చిన ఖతి కాగితాన్ని నిజంగానే ఆదా చేస్తుంది. పురుషోత్తం కుమార్ గుత్తుల వంటి రూపకర్తలు, సిలికానాంధ్ర వంటి సంస్థల కృషితో పెద్దన, తిమ్మన, ధూర్జటి వంటి కవుల పేర్లతో ఉచిత యూనికోడ్ ఖతులు వచ్చాయి. వీటిని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చు. యూనికోడ్‌లో కూర్చిన పాఠాన్ని ఒకసారి టైపు చేస్తే కరపత్రానికి, ఫోనుకు, పుస్తకానికి అదే పనికొస్తుంది. పాత పద్ధతి ఖతుల్లో కూర్చినదాన్ని చాలాసార్లు మార్చుకోవలసి వస్తుంది, లేదా మళ్ళీ కూర్చుకోవలసి వస్తుంది.

ప్రపంచ నేపథ్యం, శిక్షణ

డిజైనర్ బాధ్యత గురించిన చర్చ ప్రపంచంలో ఆరు దశాబ్దాలుగా సాగుతోంది. బ్రిటన్‌లో కెన్ గార్లండ్ 1964లో వెలువరించిన ప్రకటన, డిజైనర్ల నైపుణ్యమంతా చిల్లర సరుకుల అమ్మకానికే పోతున్నదని హెచ్చరించింది. విక్టర్ పపనెక్ 1971లో రాసిన గ్రంథం నిజజీవిత అవసరాలకు, నేల శక్తికి తగినట్టు రూపకల్పన చేయాలని వాదించింది. 1979లో అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో జరిగిన అంతర్జాతీయ సమావేశం అభివృద్ధి కోసం డిజైన్ అన్న ప్రకటన చేసింది. 2008లో నెదర్లాండ్స్ సంస్థ ఒకటి అక్షరాల లోపల చిన్న రంధ్రాలు పెట్టి సిరా ఆదా చేసే ఖతిని తెచ్చింది.

మన రాష్ట్రంలో కూడా ఒక జాతీయ డిజైన్ సంస్థ 2015లో మొదలైంది. కడపలో 2020లో డాక్టర్ వైఎస్సార్ ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం ఏర్పడింది. సీమ పిల్లలు డిజైన్ చదవడానికి దూరదేశాలు వెళ్ళనక్కరలేని అవకాశం ఇది. కలమళ్ళ శాసనం, చింతకుంట చరియ, ఎమ్మిగనూరు మగ్గం, పాత బోర్డు ఆర్టిస్టు చేతిరాత తమ తొలి పాఠాలు కావాలని ఆ విద్యార్థులకు చెప్పవలసిన అవసరం ఉంది. ముఖ్యంగా బతికున్న ఆర్టిస్టుల అక్షరాలను ఫోటో తీసి, కొలతలు రాసుకుని, ఖతులుగా మలిచే పని ఆలస్యం చేస్తే చేజారిపోతుంది.

ఆచరణ

ఈ ప్రాంతపు డిజైనర్లకు, పని చెప్పేవారికి పనికొచ్చే సూత్రాలు కొన్ని ఉన్నాయి. మాట ఎన్నాళ్ళుండాలో ముందు తేల్చుకోవాలి: ఒక్కరోజు మాటకు ఫోను సందేశమో గోడరాతో, ఏడాది మాటకు నూలు బట్ట, తరతరాల మాటకు రాయి. ముద్రించే ముందు కొలత తగ్గించి చూడాలి. పది మంది ముఖాల బదులు ఒక్క పెద్ద మాట ఉంటే సగం జాగాలోనే దూరం నుంచి కనపడుతుంది. పూర్తి నలుపు నేపథ్యం సిరా ఎక్కువ తాగుతుంది కాబట్టి తెల్ల నేల మీద ముదురు అక్షరం మేలు. కాగితపు పనిలో అచ్చు షీటు కొలతకు సరిపడేలా పుట కొలత ఎంచుకుంటే కోతలో పోయే ముక్కలు తగ్గుతాయి. కరపత్రానికి ప్లాస్టిక్ పూత వేయించకపోతే ఆ కాగితం తిరిగి కాగితమే అవుతుంది.

ఇవేవీ సీమకు కొత్త పాఠాలు కావు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉన్న మార్కాపురం, తెలుగునాట పిల్లల చేతికి పలకలు ఇచ్చిన ఊరు. పలక నల్లరాయి, దాని మీద రాసే బలపం మెత్తని తెల్లరాయి. అ రాసి, తడిగుడ్డతో తుడిచి, ఆ రాసేవారు. ఒక్క పలక మీద అన్న నేర్చుకున్నాక తమ్ముడు నేర్చుకున్నాడు, తర్వాత చెల్లెలు నేర్చుకుంది. వేల అక్షరాలు రాసినా ఆ ఇంట్లో చెత్త పోగుపడలేదు. కర్నూలు కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రవాడికి, కడప విశ్వవిద్యాలయంలో చేరిన అమ్మాయికి తొలి కొలమానంగా ఆ పలకను మించినది దొరకదు.